రెండువందల గినీల తాళము

గత సంవత్సరము మా తొమ్మిదవ తరగతి విజ్ఞానశాస్త్రపు గంటలో ఒక పాత తాళమును విప్పి, దాని లోపలి రేకులను బల్లమీద పఱచి, అవి యెట్లు పనిచేయునో విద్యార్థులకు చూపితిని. మఱునాటి యుదయమున ఒక విద్యార్థి తండ్రిగారు పాఠశాలకు వచ్చి, "అయ్యవారూ! రాత్రి మావాడు ఇంటిలోని తాళములన్నియు ముందఱ వేసికొని కూర్చుండినాడు. పిల్లలకు తాళములు తెఱచుట నేర్పవచ్చునా? ఇది దొంగలకు పనికివచ్చు పాఠము కాదా?" అని యడిగిరి. ఆయన కోపముతో అడుగలేదు, భయముతో అడిగిరి. బజారులో దుకాణము గలవారు గనుక ఆ భయమునకు కారణము లేకపోలేదు. అప్పుడు నేను చెప్పిన సమాధానము నాకే చాలినట్లు తోచలేదు. అందుచేత ఒక యంత్రనిపుణుని చరిత్రమూలమున ఆ సమాధానమును పూర్తిచేయుటకై యీ వ్యాసము వ్రాయుచున్నాను. ఆ నిపుణుని పేరు జోసెఫ్ బ్రామా.

బాల్యము, వృత్తి

బ్రామా 1748వ సంవత్సరమున ఇంగ్లాండులోని యార్క్‌షైర్ మండలములో, బార్న్స్‌లీ పట్టణమునకు దగ్గఱనున్న స్టెయిన్‌బరో గ్రామమున, ఒక వ్యవసాయదారుని యింట జన్మించెను. పదునాఱేండ్ల ప్రాయమున ఆతని చీలమండకు గాయమయ్యెను. పొలముపని సాగదని తలిదండ్రులు ఆతనిని ఒక వడ్రంగియొద్ద పనినేర్చుకొనుటకు చేర్చిరి. పని నేర్చిన పిమ్మట ఆతడు లండను నగరమునకు పోయి, బీరువాలు మొదలగు సామానులు చేయుచు జీవించెను.

అక్కడ ఆతనికి ధనవంతుల యిండ్లలో నీటితో శుభ్రమగు మరుగుదొడ్లను అమర్చు పని దొరకెను. చలికాలమున వానిలోని కవాటము గడ్డకట్టి పనిచేయకుండుట ఆతడు గమనించెను. పదుగురు చూచి "చలికాలము గదా!" యని యూరకుండిన విషయమును ఆతడు విడువక ఆలోచించి, కీలుతో తెఱచుకొను క్రొత్త కవాటమును కల్పించి, 1778లో దానికి పేటెంటు పొందెను. అది ఆతని మొదటి పేటెంటు. 1778 మొదలు 1812 వఱకు ఆతడు మొత్తము 18 పేటెంట్లు సంపాదించెను.

పేటెంటు అనగా నేమి?

పేటెంటు అనగా ప్రభుత్వమునకును, క్రొత్తవస్తువును కనిపెట్టినవానికిని నడుమ జరుగు ఒక ఒడంబడిక. కనిపెట్టినవాడు తన వస్తువు ఎట్లు పనిచేయునో, దాని నెట్లు చేయవలయునో దాచకుండ వ్రాసి, పటములతో ప్రభుత్వమునకు సమర్పించును. అందులకు ప్రతిఫలముగా కొంతకాలమువఱకు ఆ వస్తువును చేయుటకును అమ్ముటకును ఆతనికే హక్కు కలుగును. ఇంగ్లాండులో 1624 నాటి శాసనము ప్రకారము ఆ గడువు 14 సంవత్సరములు. మన దేశమున నేడు, 1970 నాటి పేటెంటు చట్టమునకు 2002లో జరిగిన సవరణ ననుసరించి, అది 20 సంవత్సరములు. గడువు తీరిన పిదప ఆ వస్తువు లోకమందఱిదియు నగును.

దీనిలోని విశేషమును విద్యార్థులు గమనింపవలెను. రహస్యమును కాపాడుకొనువానికి గాక, రహస్యమును చెప్పినవానికి హక్కు లభించును. మన పల్లెలలో ఒక వైద్యుడు మంచి మందును ఎఱిగియు, కుమారునికైనను చెప్పక మరణించిన కథలు ఎన్ని వినలేదు? ఆ విద్య ఆతనితోనే మట్టిలో కలసిపోయినది. అట్టి నష్టము కలుగకుండుటకే పేటెంటు పద్ధతి యేర్పడినది.

ఈ ఒడంబడికను గుఱించి బ్రామాకు దృఢమైన యభిప్రాయము కలదు. జేమ్స్ వాట్‌గారి ఆవిరియంత్రపు పేటెంటును గుఱించి వివాదము జరిగినప్పుడు, వాట్‌కు ప్రతిపక్షమున సాక్ష్యము చెప్పి, 1797లో న్యాయాధిపతి పేర ఒక లేఖను ప్రకటించి, వాట్ తన యంత్రమును పేటెంటులో స్పష్టముగా వివరింపలేదని వాదించెను. న్యాయస్థానము తుదకు 1799లో వాట్ పక్షముననే తీర్పు చెప్పెను. అయినను, హక్కు కోరువాడు విషయమును దాచరాదను బ్రామా వాదము యోచింపదగినదే.

బ్రామా తాళము

ఆ కాలపు సామాన్యమైన తాళములలో, తాళపుచెవి తిరుగుదారికి అడ్డముగా ఇనుప కట్టలు కొన్ని యుండెడివి. ఆ కట్టలకు సరిపోవు గంటులు గల చెవి మాత్రమే తిరుగును. కాని కట్టలను తప్పించుకొని పోగల సన్నని వంపుకమ్మి యొకటి యున్నచో చెవితో పనిలేదు. అట్టి తాళము మంచివానికి మాత్రమే అడ్డము.

బ్రామా 1784లో పేటెంటు పొందిన తాళము వేఱు విధమైనది. దాని లోపల ఒక గుండ్రని దిమ్మ యుండును. ఆ దిమ్మచుట్టును నిలువుగాడులలో సన్నని ఉక్కురేకులు జాఱుచుండును. స్ప్రింగు ఆ రేకులను ఎల్లప్పుడు వెలుపలికి నెట్టుచుండును. ఒక్కొక్క రేకునకు ఒక్కొక్కచోట గంటు కలదు. దిమ్మను చుట్టి కదలని పలక యొకటి యున్నది. రేకులు ఆ పలకకు అడ్డుపడుచున్నంతవఱకు దిమ్మ తిరుగదు. అన్ని రేకుల గంటులును ఒక్కసారిగా పలకకు ఎదురుగా నిలిచినప్పుడే తిరుగును.

ఈ తాళపుచెవి చిన్న గొట్టమువలె నుండును. దాని కొనయందు వేర్వేఱు లోతులు గల గాడులు కోయబడియుండును. చెవిని లోనికి నొక్కినప్పుడు ప్రతి గాడియు తన రేకును తగినంత లోతునకు దింపును. ఒక్క రేకు వెండ్రుకవాసి తక్కువ దిగినను, ఎక్కువ దిగినను తాళము తెఱచుకొనదు.

ఇక్కడ కొంచెము గణితము చేయుదము. ఒక్కొక్క రేకు 10 లోతులలో ఏదో యొకదానికి దిగవలెననుకొందము. ఒక రేకున్నచో 10 విధముల చెవులు, రెండున్నచో 100, మూడున్నచో 1,000, ఆఱున్నచో 10,00,000 విధముల చెవులు కలుగును. కావున తాళము చేయు విధానము లోకమంతయు తెలిసినను భయము లేదు. ఈ యొక్క తాళపు చెవి ఎట్టిదో తెలియకుండిన చాలును. బ్రామా తన విధానమును పేటెంటులో అందఱికిని చెప్పియు అభయముగా నుండగలుగుటకు కారణ మిదియే.

అంతటితో నాగక, లండనులోని పికడిల్లీ వీథియందలి తన దుకాణపు కిటికీలో 18 రేకులు గల ఒక తాళమును వ్రేలాడదీసి, దానిని తెఱువగల పనిముట్టును చేసినవారికి తక్షణమే 200 గినీలు ఇత్తుమని ప్రకటించిరి. ఆ తాళము అర్ధశతాబ్దమునకు పైగా ఎవరికిని లొంగలేదు.

సహాయకుని హస్తము

తాళమును ఊహించుట యొకటి, వేలకొలది చేసి అమ్ముట మఱియొకటి. రేకులు, గాడులు మిక్కిలి సూక్ష్మముగా నుండవలెను. చేతితో ఆకురాయి పట్టి చేసినచో ఖరీదు పెరుగును, కొలత తప్పును. ఈ చిక్కును తీర్చినవాడు హెన్రీ మాడ్‌స్లే యను పదునెనిమిదేండ్ల పనివాడు. వూల్విచ్ ఆయుధశాలలో చిన్ననాటినుండి పనిచేసిన ఆతనిని బ్రామా 1789లో చేర్చుకొనెను. ఆ యువకుడు తాళపు భాగములను ఒకే కొలతతో కోయు యంత్రములను నిర్మించి, త్వరలోనే కర్మాగారమునకు పెద్ద మేస్త్రి యయ్యెను. కిటికీలోని తాళమును స్వయముగా చేసినవాడును ఆతడే యని చెప్పుదురు.

1797లో మాడ్‌స్లే తనకు వారమునకు ముట్టుచున్న 30 షిల్లింగుల జీతమును కొంత పెంపుమని కోరెను. బ్రామా నిరాకరించెను. మాడ్‌స్లే వెడలిపోయి సొంతముగా పనిశాల పెట్టుకొని, మరచీలలను సరియైన కొలతతో కోయు లేతును నిర్మించి, యంత్రములను చేయు యంత్రములకు మూలపురుషులలో నొకడని కీర్తి గాంచెను. పోర్ట్స్‌మత్ ఓడరేవున నావికాదళమునకు కప్పీలు చేయు ప్రసిద్ధ యంత్రములను మార్క్ బ్రూనెల్‌గారి నమూనాలప్రకారము నిర్మించినవాడు ఆతడే. లోహము గుణమును అంత చక్కగా ఎఱిగిన బ్రామా తన యింటనున్న మనుష్యుని గుణమును మాత్రము తూచలేకపోయెను. పెద్దలమైన మనము జ్ఞాపకముంచుకొనదగిన సంగతి యిది.

నీటి బలము

బ్రామా కనిపెట్టినవానిలో లోకమునకు మిక్కిలి యుపకరించినది 1795లో పేటెంటు పొందిన నీటిప్రెస్సు. దీని మూలసూత్రమును పదునేడవ శతాబ్దమున ఫ్రాన్సు దేశీయుడగు పాస్కల్ తెలిపియుండెను. మూసిన పాత్రలోని ద్రవమునకు ఒకచోట కలిగించిన ఒత్తిడి, తగ్గకుండ అన్నివైపులకును సమముగా వ్యాపించును.

ఒక సన్నని గొట్టమును, ఒక లావుపాటి గొట్టమును అడుగున కలిపి, నీటితో నింపి, రెండింటను పిస్టనులు పెట్టుదము. సన్నని పిస్టను అడ్డుకొలత 1 సెంటీమీటరు, పెద్దదాని అడ్డుకొలత 10 సెంటీమీటర్లు అనుకొందము. అప్పుడు పెద్దదాని వైశాల్యము చిన్నదానికి 100 రెట్లగును. చిన్నదానిపై 20 కిలోగ్రాముల బరువు మోపినచో పెద్దది 2,000 కిలోగ్రాముల బరువును నిలుపును. ఒక బాలుడు తోసిన తోపునకు ఏనుగు బరువునకు తీసిపోని బరువు లేచునన్నమాట! అయితే ప్రకృతి దేనిని ఉచితముగా నీయదు. పెద్ద పిస్టను 1 సెంటీమీటరు లేవవలెనన్న, చిన్నది 100 సెంటీమీటర్ల దూరము నడువవలెను. బలమున లాభించినది దూరమున చెల్లించుచున్నాము.

సూత్రము తెలిసియు నూఱేండ్లకు పైగా ఇది పెద్దపనులకు అక్కఱకు రాకుండుటకు ఒక చిక్కు కారణము. ఒత్తిడి హెచ్చినకొలది పిస్టను ప్రక్కల సందులనుండి నీరు చిమ్ముకొని వెలుపలికి వచ్చును. సందులేకుండ గట్టిగా బిగించినచో పిస్టను కదలదు. దీనికి కనిపెట్టిన ఉపాయము ఒక తోలుపట్టీ. దాని యంచు మడతపడి, నీటివైపునకు నోరు తెఱచియుండును. నీరు ఆ మడతలో దూఱి తోలును పిస్టనునకు అదిమిపెట్టును. నీరు ఎంత గట్టిగా తప్పించుకొనజూచునో పట్టీ అంత గట్టిగా బిగియును. ఒత్తిడి తగ్గగానే పట్టు సడలి పిస్టను సులభముగా వెనుకకు జాఱును. ఈ యుపాయము మాడ్‌స్లేదే యని పలువురు వ్రాసియున్నారు. అల్పమైన తోలుముక్క లేకున్న ఆ మహాయంత్రము పనికిరాకపోయెడిది.

వేల్సు దేశమున మెనాయ్ జలసంధిమీది బ్రిటానియా వంతెనకు కావలసిన బ్రహ్మాండమైన ఇనుపగొట్టములను 1849లో నీటిప్రెస్సులతో పైకెత్తిరి. ఎత్తుచుండగా ఒక ప్రెస్సు పగిలెను. అయినను, గొట్టము లేచినకొలది దాని క్రింద ఆధారము కట్టుచు రావలెనని రాబర్ట్ స్టీఫెన్సన్ ముందుగనే నియమించియుండుటచే అది కొన్ని అంగుళములు మాత్రమే దిగి నిలిచెను. ఒడ్డున చిక్కుకొని కదలని 'గ్రేట్ ఈస్టరన్' అను మహానౌకను 1858 జనవరిలో నీటిలోనికి త్రోసినవియు నీటిప్రెస్సులే.

మనకు దూరమైన దృష్టాంతములెందుకు? గుంటూరు ప్రాంతపు మిల్లులలో దూదిని బేళ్లుగా అదుము యంత్రమును, లారీ చక్రము మార్చునపుడు ఎత్తు నూనెజాకీయు, బాటప్రక్కన మట్టి త్రవ్వు జె.సి.బి. చేయియు ఈ సూత్రమువల్లనే పనిచేయుచున్నవి. నీటికి బదులుగా వానిలో నూనె యుండుట మాత్రమే భేదము.

తక్కిన కల్పనలు

బ్రామా 1802లో కొయ్యను చిత్రికపట్టు యంత్రమునకు పేటెంటు పొందెను. 1806లో బ్యాంకునోట్లపై వరుససంఖ్యలను ముద్రించు యంత్రమును బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండు కొఱకు చేసెను. అంతకుమున్ను గుమాస్తాలు ఒక్కొక్క నోటుపై చేతితో సంఖ్య వ్రాయుచుండెడివారు. నోటునకు సంఖ్య యేల? ప్రతి నోటునకు వేఱు గుఱుతు ఉన్నచో, ఒకే సంఖ్యతో రెండు నోట్లు కనబడినప్పుడు మోసము బయటపడును. నేటి మన రూపాయి నోటును తీసి చూడుడు. ఎడమనుండి కుడికి అంకెలు క్రమముగా పెద్దవగుచుండును. దొంగనోటును గుఱుతించుటకు అదియు నొక సాధనము. 1809లో ఒకే బాతు ఈకనుండి పెక్కు కలపు మొనలను కోయు సాధనమునకు గూడ పేటెంటు పొందెను. తాళము మొదలు కలమువఱకు ఆతని దృష్టికి ఏదియు అల్పముగా తోచలేదు.

1814లో హాంప్‌షైర్ మండలమందలి హోల్ట్ అడవిలో, నీటిబలముతో చెట్లను వేళ్లతో పెల్లగించు పనిని దగ్గఱనుండి చూచుచుండగా ఆతనికి జలుబు చేసి, అది ఊపిరితిత్తుల వ్యాధిగా ముదిరి, డిసెంబరు 9వ తేదీన ఆతడు మరణించెను.

తాళము తెఱచుకొనుట

బ్రామా మరణించిన 37 సంవత్సరములకు, 1851లో, లండనున మహాప్రదర్శనము జరిగెను. దానికి అమెరికానుండి వచ్చిన ఆల్ఫ్రెడ్ హాబ్స్ అను తాళముల నిపుణుడు మొదట ఛబ్ తాళమును తెఱచెను. అది 1818లో పేటెంటు పొందినది. పరులు దానితో చెలగాటమాడినచో బిగిసికొని యజమానునకు తెలియజేయునట్టిది. అనంతరము ఆతడు బ్రామా కిటికీలోని తాళమును చేపట్టెను. దిమ్మపై మెల్లని తిరుగుడు ఒత్తిడిని ఎడతెగక నిలిపి, ఏ రేకు బిగిసియున్నదో వ్రేళ్లతో పరీక్షించుచు, 16 దినములలో మొత్తము 51 గంటలు శ్రమించి తుదకు తెఱచెను. ఇంత అవకాశము ఏ దొంగకును దొరకదని బ్రామా దుకాణమువారు ఆక్షేపించిరి. మధ్యవర్తులు హాబ్స్ పక్షమున తీర్పు చెప్పిరి. 200 గినీలు ఆతనికి ముట్టెను. ఆ తాళము నేడు లండను సైన్సు మ్యూజియమున నున్నది.

బ్రామా ఓడిపోయెనా? ఒకవిధముగా ఓడెను. కాని 51 గంటల కష్టమునకు గాని లొంగని తాళము దుకాణదారునకు ఎంత రక్షణ! అంతకన్న ముఖ్యమైన దొకటి కలదు. "మా తాళమును పరీక్షింపుడు" అని బహిరంగముగా పిలిచినందుననే దానిలోని లోపము తెలిసినది. తెలిసినందుననే తాళములు చేయువారు క్రొత్త ఉపాయములు వెదకిరి. పరీక్షకు నిలువని తాళము లోపము లేనిది కాదు, లోపము తెలియనిది మాత్రమే.

ఆనాడు ఇంగ్లాండులోను కొందఱు మా విద్యార్థి తండ్రిగారివలెనే భయపడిరి. తాళముల లోపములను ప్రకటించిన దొంగలకు మేలు చేసినట్లు కాదా యని యడిగిరి. 1853లో తాళములను గుఱించి వెలువడిన ఒక గ్రంథము దానికి చెప్పిన సమాధాన మేమనగా: దొంగలకు ఈ విద్య ముందే తెలియును, తెలియనివారు కొనువారు మాత్రమే. 1883లో కెర్క్‌హాఫ్స్ అను భాషోపాధ్యాయుడు సైన్యపు రహస్యలిపులను గుఱించి వ్రాయుచు, పద్ధతి శత్రువుచేత చిక్కినను లిపి భద్రముగా నుండవలెనని నియమము చెప్పెను. నేడు మన చేతిఫోనులలోని ధనమును, లేఖలను కాపాడు గణితమునకు అదే పునాది. పద్ధతి బహిరంగము, చెవి మాత్రము రహస్యము.

తుదిమాట

ఆ తండ్రిగారు మరల ఒకనాడు వచ్చిరి. వారి కుమారుడు దుకాణపు తాళమును పరీక్షించి, "నాన్నా! దీనికి కట్టలు మాత్రమే యున్నవి, రేకులు లేవు" అని చెప్పినాడట. "ఇరువది యేండ్లుగా దానిని నమ్మి నిద్రపోయితిని, అయ్యవారూ!" అని ఆయన నవ్విరి. మంచి తాళము నొకటి కొన్నట్లును చెప్పిరి. తెలిసినవాని చేతిలో తాళము భద్రము. ఆ తెలివిని దేనికి వినియోగింపవలెనో నేర్పుట మాత్రము యంత్రములపని కాదు. అది తలిదండ్రులదియు, ఉపాధ్యాయులదియు నైన పని.

అభ్యాసము

1. బ్రామా తన తాళపు విధానమును పేటెంటులో వెల్లడించియు నిర్భయముగా నుండుటకు కారణమేమి?
2. ఒక నీటిప్రెస్సులో చిన్న పిస్టను అడ్డుకొలత 2 సెంటీమీటర్లు, పెద్దదాని అడ్డుకొలత 12 సెంటీమీటర్లు. చిన్నదానిపై 25 కిలోగ్రాములు మోపినచో పెద్దది ఎంత బరువును నిలుపును? పెద్దది 1 సెంటీమీటరు లేచుటకు చిన్నది ఎంతదూరము నడువవలెను?
3. మీ యింటిలోని తాళములలో పాతపద్ధతివి ఎన్ని, రేకులు గలవి ఎన్ని? పెద్దల యనుమతితో పరీక్షించి వ్రాయుము.
4. మాడ్‌స్లే జీతమును గూర్చి నీవు బ్రామా స్థానమున నుండినచో ఏమి చేసియుందువు?